అది తేయాకు తగాదా కాదు, హద్దుల తగాదా

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు నిండిన సందర్భంగా జూలై 4న మీరు వేసిన ప్రత్యేక వ్యాసం చదివాను. బొమ్మలు బాగున్నాయి, రాసిన తీరూ బాగుంది. కానీ అసలు యుద్ధం ఎందుకొచ్చిందన్న చోట "ఇంగ్లండు రాజు తేయాకు మీద పన్ను పెంచాడు, జనం తిరగబడ్డారు" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలు మీ పేపరు కత్తిరించి ఫైల్లో పెట్టుకుంటారు. వాళ్లు రేపు ఇదే రాస్తారు. అందుకని ఈ ఉత్తరం. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను గుంటూరులో దస్తావేజు లేఖరిని. స్టాంపు కాగితాలు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రాలు), లింకు డాక్యుమెంట్లు, నాలుగు దిక్కులా హద్దులు, ఇదే నా పని. చరిత్రలో డిగ్రీ ఏమీ లేదు. సర్వర్ మొరాయించి పార్టీలంతా చెట్టుకింద కూర్చున్నప్పుడు చదువుకునే అలవాటు మాత్రం ఉంది.

ముందు తేయాకు సంగతి. 1773 చట్టం పన్ను పెంచలేదు. పౌను తేయాకుకు 3 పెన్నీల సుంకం 1767లో వేసిందే, అదే కొనసాగింది. కొత్తగా వచ్చిందల్లా ఏమిటంటే ఈస్టిండియా కంపెనీ తన సరుకును లండన్ వేలంపాటలో పెట్టకుండా నేరుగా అమెరికాకు పంపుకోవచ్చు, ఇంగ్లండులో కట్టిన సుంకం వాపసు తీసుకోవచ్చు. దాంతో ధర తగ్గింది. డచ్చివాళ్ల దగ్గర దొంగచాటుగా తెచ్చి అమ్ముకునే బోస్టన్ వ్యాపారులకు అక్కడ కడుపు మండింది. 1773 డిసెంబరు 16 రాత్రి రేవులో పారబోసిన 342 పెట్టెల తేయాకు చవక సరుకే. అది మన దేశం తేయాకని కూడా చాలామంది అనుకుంటారు. కాదు, చైనాది. అస్సాం తోటలు అప్పటికింకా లేవు. కంపెనీ అంత కక్కుర్తి పడటానికి మాత్రం కారణం ఇక్కడే ఉంది. బెంగాల్ శిస్తు చేతికొచ్చినా, 1770 కరువు తర్వాత లెక్కలు తలకిందులై, గోదాముల్లో సరుకు పేరుకుపోయి, 1773లో బ్రిటిష్ ప్రభుత్వం దగ్గర 14 లక్షల పౌన్లు అప్పు తెచ్చుకుంది.

ఇంకో విషయం. 1776 నాటి ప్రకటనలో రాజు మీద 27 ఫిర్యాదులు ఉన్నాయి. మా సమ్మతి లేకుండా పన్నులు వేశాడన్నది అందులో ఒకే ఒక్క వరుస. తేయాకు మాట ఎక్కడా లేదు.

తేయాకు కన్నా ముందు వచ్చిన గొడవ నా వృత్తికి సంబంధించింది. 1765 స్టాంపు చట్టం. భూమి కాగితాలు, కోర్టు కాగితాలు, వార్తాపత్రికలు, పంచాంగాలు, చివరికి పేకముక్కలు కూడా స్టాంపు వేసిన కాగితం మీదే ఉండాలి, డబ్బు ఇంగ్లండు నాణెంలోనే కట్టాలి. బోస్టన్‌లో స్టాంపులు పంచే అధికారి ఆండ్రూ ఆలివర్. ఆగస్టు 14న ఆయన దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. ఆ సాయంత్రం ఆయన కొత్తగా కట్టుకున్న ఆఫీసు కూలగొట్టారు. ఆయన ఆ పని చెయ్యనని రాసిచ్చేశాడు. చట్టం అమల్లోకి రావాల్సిన నవంబరు 1 నాటికి స్టాంపు అమ్మే నాథుడే లేడు. మరుసటి ఏడాది పార్లమెంటే దాన్ని రద్దు చేసింది.

చదివి ఆశ్చర్యపోయాను. ఎందుకంటే ఇంగ్లండులో జనం 1694 నుంచీ స్టాంపు సుంకం కడుతూనే ఉన్నారు. తలసరి లెక్కన అమెరికాలోని తెల్లవాళ్ల కన్నా వాళ్లు చాలా ఎక్కువ పన్ను కట్టేవాళ్లు. మన సంగతి సరేసరి. ఇవాళ్టికీ 1899 నాటి స్టాంపు చట్టం కిందే రాస్తున్నాం. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. మార్కెట్ విలువలు పెరుగుతున్నాయని తెలిస్తే ముందురోజు ఆఫీసు దగ్గర ఇసకేస్తే రాలదు. రాత్రి పొద్దుపోయేదాకా వేలిముద్రలు పడుతూనే ఉంటాయి. తిట్టుకుంటారు, బేరమాడతారు, విలువ తగ్గించి రాయమని నా ప్రాణం తీస్తారు. చివరికి కట్టి వెళ్తారు.

అదే పార్టీ ఈసీ తీయించుకుని, సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో ఉందని తెలిసినప్పుడు చూడాలి. మొహం నల్లబడుతుంది. "మా భూమి మేం అమ్ముకోకూడదని చెప్పడానికి వీళ్లెవరండీ?" అని బల్ల మీద చరుస్తారు. అంతకు ముందు నిమిషం దాకా 7.5 శాతం గురించి సణిగిన మనిషే. పన్ను నొప్పి వేరు, ఈ నొప్పి వేరు. అమెరికా యుద్ధానికి కూడా ఇలాంటి 22ఏ ఒకటి ఉంది. మీ వ్యాసంలో లేనిది అదే.

1763 అక్టోబరు 7న మూడో జార్జి రాజు ఒక ఫర్మానా ఇచ్చాడు. అప్పలాచియన్ కొండల అవతల, పడమటి వైపు భూమి అక్కడి ఆదివాసీ జాతులది. వలస వచ్చిన తెల్లవాళ్లు అక్కడ స్థిరపడకూడదు. ఇప్పటికే వెళ్లినవాళ్లు తిరిగి రావాలి. ఆ జాతుల దగ్గర ఎవరూ సొంతంగా భూమి కొనకూడదు. కొంటే ప్రభుత్వమే, బహిరంగ సభ పెట్టి, రాజు పేరు మీద కొనాలి. పట్టాలు చేతపట్టుకుని కూర్చున్న పెద్దమనుషులకు ఇది పిడుగుపాటు. రాజుకు ఆదివాసీల మీద ప్రేమ కారిపోయి ఇచ్చింది కాదు లెండి. ఆ ఏడాదే పాంటియాక్ అనే నాయకుడి పేరుతో చెప్పే తిరుగుబాటులో సరిహద్దు కోటలు ఒకటొకటిగా పడిపోయాయి. ఇంకో యుద్ధానికి ఖజానాలో డబ్బు లేదు. అందుకని గీత గీశారు.

జార్జి వాషింగ్టన్ మొదటి ఉద్యోగం ఏమిటో తెలుసా? సర్వేయర్. 1749లో, 17 ఏళ్లకే కల్పెపర్ కౌంటీకి సర్వేయర్ అయ్యాడు. గొలుసు పట్టి కొలిచినవాడికి ఏ భూమి ఎంత పలుకుతుందో తెలియకుండా ఉంటుందా? 1767లో ఆయన క్రాఫర్డ్ అనే తోటి సర్వేయర్‌కు రాసిన ఉత్తరం ఉంది. ఈ ఫర్మానా ఆదివాసీలను సముదాయించడానికి వేసిన తాత్కాలిక ఎత్తు మాత్రమే, కొన్నేళ్లలో పోతుంది, ఇప్పుడే మంచి భూములు చూసి గుర్తు పెట్టి ఉంచు, విషయం బయటికి పొక్కనివ్వకు, వేటకు వెళ్తున్నట్టు వెళ్లు అని అందులో సారాంశం. నిషేధిత జాబితాలో ఉన్న భూమికి ముందే అగ్రిమెంటు రాయించుకునేవాళ్లు నాకు బాగా తెలుసు. అచ్చంగా ఇదే గొంతు.

ఇక ఖర్చు. ఆ గీతను కాయడానికి అమెరికాలో సుమారు 10 వేల మంది సైన్యాన్ని ఉంచాలని లండన్ నిర్ణయించింది. ఖర్చులో కొంతైనా అక్కడి వాళ్లే పెట్టుకోవాలంది. స్టాంపు చట్టం పుట్టింది అందుకు. అవతలివాళ్ల మాట కూడా వినండి: "ఫ్రెంచివాడు వెళ్లిపోయాడు, ఇక మాకు సైన్యం ఎందుకు? పైగా ఈ సైన్యం మేం గెలిచిన భూమిలోకి మమ్మల్నే పోనివ్వకుండా ఆపడానికా?" పన్నూ, హద్దూ అలా ముడిపడ్డాయి. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని చెబితే కథ సగమే.

ఫ్రెంచివాడు వెళ్లిపోయాడన్నాను కదా, ఎక్కడి నుంచి? అమెరికా నుంచే కాదు, మన దగ్గరి నుంచి కూడా. ఒకే యుద్ధం. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ రాత్రికి రాత్రి బందరు కోట పట్టుకున్నాడు. ఆ సెప్టెంబరులోనే కెనడాలో క్విబెక్ పడిపోయింది. ఏడేళ్ల ఆ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపైంది. ఆ అప్పు తీర్చుకునే తంటాలోనే బోస్టన్‌లో స్టాంపు అడిగారు. బందరు వెళ్లొచ్చే మనవాళ్లకు అమెరికా విప్లవంతో ఆ ఊరికి ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు.

వసూలు చేసే హక్కు ఎవరిదన్న తగాదా నిజం కాదని నేను అనటం లేదు. వర్జీనియాకు, మసాచుసెట్స్‌కు తరాలుగా సొంత సభలు ఉన్నాయి. గవర్నరు జీతం కూడా చాలాచోట్ల అవే మంజూరు చేసేవి. సముద్రం అవతల, వారాల ప్రయాణం దూరంలో ఉన్న పార్లమెంటు, వాళ్ల ఓటు లేని పార్లమెంటు పన్ను వేస్తే ఊరుకోరు. బోస్టన్‌లో అదే ముందు వరసలో ఉంది. 1774లో రేవు మూసేసి, మసాచుసెట్స్ సభ అధికారాలు కత్తిరించాక వ్యవహారం ముదిరింది. 1775 ఏప్రిల్ 19న కాంకర్డ్‌లో దాచిన మందుగుండు పట్టుకోడానికి సైన్యం కదిలింది. తుపాకులు పేలాయి. కానీ బోస్టన్ ఒక్కటే పోరాడితే అది ఒక ఊరి అల్లరి. వర్జీనియా తోటల యజమానులు ఎందుకు కలిశారు? వాళ్లకు భూమి ఒక కారణం. వాళ్లు కన్నేసిన ఓహైయో నది ప్రాంతాన్ని 1774 చట్టంతో క్విబెక్‌లో కలిపేశారు. బానిసలు ఇంకో కారణం. 1775 నవంబరులో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు రాజు సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానన్నాడు. ఆయన ఇంట్లోనూ బానిసలు ఉన్నారు, అది వేరే సంగతి. 1776 ప్రకటనలో చిట్టచివరి ఫిర్యాదు చూడండి: మాలో మాకు తిరుగుబాట్లు రేపాడు, క్రూరులైన ఆదివాసీలను మా మీదికి ఉసిగొల్పాడు. మనుషులంతా సమానమని మొదలైన కాగితం అక్కడికొచ్చి ఆగింది.

1783 సంధి పత్రం ఒక దస్తావేజులా చదివితే నాకు ఒళ్లు మండింది. మిసిసిపీ నది దాకా భూమి మొత్తం బ్రిటన్ రాసిచ్చింది, అమెరికా పుచ్చుకుంది. ఆ భూమి మీద ఊళ్లు కట్టుకుని ఉన్న జాతుల్లో ఒక్కరి సంతకం లేదు, సాక్షిగా కూడా లేదు. అలాంటి కాగితం నా దగ్గరికి తెస్తే రాయను. ఇక పన్ను విషయానికొస్తే, 1791లో కొత్త ప్రభుత్వం విస్కీ మీద వేసిన సుంకం కట్టబోమని పడమటి రైతులు 1794లో తిరగబడితే, దాదాపు 13 వేల మంది బలగంతో వాళ్ల మీదికి కదిలింది స్వయంగా వాషింగ్టనే.

ఇది అమెరికా ఒక్కదాని కథ అయితే ఇంత రాయను. పన్ను మాటే లేకుండా ఇదే తగాదా అంతకు రెండు శతాబ్దాల ముందు పెరూలో జరిగింది. అక్కడి స్పానిష్ పెద్దలకు ఊళ్లకు ఊళ్ల ఆదివాసీల వెట్టిచాకిరీ వంశపారంపర్యంగా కావాలి. స్పెయిన్ రాజు 1542లో కొత్త చట్టాలు చేసి, అది వారసులకు దక్కదన్నాడు. ఆ పెద్దల్లో ఒకడైన గొంజాలో పిజారో సైన్యం లేపాడు. చట్టం అమలు చేయడానికొచ్చిన వైస్రాయిని 1546లో క్విటో దగ్గర యుద్ధంలో చంపారు. రాజు అప్పటికే వెనక్కి తగ్గి వారసత్వం నిబంధన తీసేశాడు కూడా. పిజారో తల 1548లో తెగింది. ఆదివాసీల వెట్టి మాత్రం ఆగలేదు.

దక్షిణాఫ్రికా బోయర్ల (డచ్చి సంతతి తెల్ల రైతుల) సంగతి మన పత్రికల్లో గాంధీగారి పుణ్యమా అని అప్పుడప్పుడు వస్తుంది. అదీ ఇదే వరస. కేప్ ప్రాంతం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక 1828లో అక్కడి ఖోయి జనానికి చట్టం ముందు తెల్లవాళ్లతో సమానత ఇచ్చారు. 1834లో బానిసత్వం రద్దయింది. పరిహారం ఇస్తామన్నారు గానీ అది లండన్‌లో తేల్చుకోవాలన్నారు. కేప్‌లో పశువులు కాసుకునే రైతు లండన్ ఎలా వెళ్తాడు? ఏజెంట్లు ఆ పరిహారం హక్కులను బాగా కోత పెట్టి చవగ్గా కొనేశారు. బోయర్లు బళ్లు కట్టుకుని ఉత్తరానికి పోయారు. వాళ్ల నాయకుడు పీట్ రెటీఫ్ బంధువు ఒకావిడ తర్వాత రాసుకుంది: బానిసలను వదిలేసినందుకు కాదు, వాళ్లను క్రైస్తవులతో సమానంగా నిలబెట్టినందుకే వెళ్లిపోయామని. అంత సూటిగా ఒప్పుకున్నవాళ్లు తక్కువ.

అక్కడా నిప్పు పెట్టింది పన్నే. బోయర్లు ఉత్తరాన ఏర్పాటు చేసుకున్న ట్రాన్స్‌వాల్‌ను ఇంగ్లీషువాళ్లు 1877లో కలిపేసుకున్నారు. 1880 నవంబరులో పోచెఫ్‌స్ట్రూమ్ ఊళ్లో ఒక రైతు పన్ను కట్టలేదని అతని బండి జప్తు చేసి వేలానికి పెడితే, తుపాకులతో వచ్చిన బోయర్లు బండి లాక్కెళ్లారు. డిసెంబరుకు యుద్ధం. 1881 ఫిబ్రవరిలో మజూబా కొండ మీద ఇంగ్లీషు సైన్యం చిత్తుగా ఓడింది. 1886లో విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. అప్పటినుంచి గనుల కోసం దిగిన ఇంగ్లీషువాళ్లకు ఓటు ఇవ్వాలా, ఎన్నేళ్లుంటే ఇవ్వాలన్న పేచీ. బోయర్ ప్రభుత్వం 14 ఏళ్లు అంది. బేరం చివరికి 5 ఏళ్ల దాకా దిగినా, అక్కడి ఇంగ్లీషు హైకమిషనర్ మిల్నర్ దొరకు కావాల్సింది ఓట్లు కాదు, దేశం. 1899 అక్టోబరు 11న రెండో యుద్ధం మొదలైంది. మన స్టాంపు చట్టం అమల్లోకి వచ్చిన ఏడే.

బోయర్లు ఇండియన్ల మీద పెట్టే ఆంక్షలు కూడా ఈ యుద్ధానికి ఒక కారణమని లండన్ పెద్దలు చెప్పుకున్నారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. గాంధీగారు కట్టిన అంబులెన్సు దళంలో సుమారు 1,100 మంది ఉంటే, ఎక్కువమంది ఆ కూలీలే. స్పియన్ కాప్ యుద్ధంలో గాయపడ్డ సోల్జర్లను మైళ్లకు మైళ్లు మోశారు. ఫలితం? యుద్ధం గెలిచాక అదే ఇంగ్లీషు పాలనలో ట్రాన్స్‌వాల్‌లో ఇండియన్లకు వేలిముద్రల చట్టం వచ్చింది. శిబిరాల్లో పెట్టిన బోయర్ ఆడవాళ్లు, పిల్లలు 26 వేలకు పైగా చనిపోయారు. నల్లవాళ్ల శిబిరాలు వేరే, అక్కడ పోయినవాళ్లను సరిగా లెక్కపెట్టలేదు, తక్కువలో తక్కువ 14 వేలు. 1902 మే 31 సంధిలో 8వ నిబంధన చదవండి: నల్లవాళ్లకు ఓటు ఇవ్వాలా వద్దా అన్నది బోయర్లకు స్వపరిపాలన వచ్చేదాకా తేల్చకూడదు. అంటే ఎప్పటికీ వద్దని. కొట్టుకున్న ఇద్దరూ రాజీపడ్డ చోటు అదీ. 1913 చట్టంతో నల్లవాళ్లకు మిగిలిన భూమి దేశంలో సుమారు 7 శాతం.

మరి ఇలాంటి యుద్ధం మన దగ్గర ఎందుకు రాలేదని ఎవరైనా అడగొచ్చు. తెల్ల రైతులను కంపెనీ ఇక్కడ దిగనివ్వలేదు. లైసెన్సు లేకుండా లోపలి ఊళ్లకు పోకూడదు, మద్రాసు లాంటి పట్నాలు దాటితే భూమి కొనకూడదు. ఆ కట్టడి 1833 చట్టంతో గానీ పోలేదు. అమెరికాలో చెయ్యి కాల్చుకున్నవాళ్లకు వలసదార్లంటే భయం ఉండటం సహజమని నా అభిప్రాయం. పైగా ఆ కాలిన చెయ్యి స్వయంగా ఇక్కడికే వచ్చింది. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన కారన్‌వాలిస్, ఒంట్లో బాగాలేదని కత్తి అప్పగించే పని కిందివాడితో చేయించినవాడు, 1786లో గవర్నర్ జనరల్‌గా కలకత్తా చేరాడు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ పోయాక కూడా నిజాం అట్టే పెట్టుకున్న గుంటూరు సర్కారును 1788లో కంపెనీకి రాబట్టింది ఆయనే. అమెరికాను పోగొట్టుకున్నవాడే మన గుంటూరును పట్టాడు. ఈ ఊళ్లో అరండల్‌పేటకు, బ్రాడీపేటకు దొరల పేర్లున్నాయి గానీ ఆయన పేరు మీద ఒక సందు కూడా లేనట్టుంది. పోనీయండి, మంచిదే.

పన్ను నిరాకరణ అంటే మా జిల్లావాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1922లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెనక రైతులు శిస్తు కట్టడం మానేశారు. పల్నాడులో పుల్లరి కట్టనన్న కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు. వాళ్లు అడిగింది తమ పొలం, తమ అడవి, తమ గొడ్ల మేత. ఎవడో మూడోవాడి భూమిలోకి పోవడానికి అడ్డు తీయమని కాదు. బోస్టన్‌నూ పెదనందిపాడునూ ఒకే గాటన కట్టి ఉపన్యాసాలిచ్చేవాళ్లను విన్నాను. నాకు నచ్చదు. 1965 నవంబరు 11న రొడీషియాలో (ఇప్పటి జింబాబ్వే) తెల్లవాళ్ల ప్రభుత్వం నడిపిన ఇయాన్ స్మిత్ కూడా 1776 ప్రకటన నమూనాలోనే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు, మనుషులంతా సమానమన్న వాక్యం మాత్రం తీసేసి.

మీకు నాదొక విన్నపం. వచ్చే ఆదివారం సంచికలో ఎక్కడో ఒకచోట 1773 చట్టం తేయాకు ధర తగ్గించిందని ఒక్క వాక్యం సవరణ వేయండి. వీలైతే 1763 ఫర్మానా గీతతో అమెరికా మ్యాపు, పక్కనే 1759 నాటి బందరు, చందుర్తి, గుంటూరు సర్కారు చూపించే మ్యాపు వేయండి. ఊళ్ల పేర్లు తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే సైజులో ఉండాలి. పోయినసారి వేసిన మ్యాపులో అక్షరాలు భూతద్దం పెట్టినా కనపడలేదు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
కొత్తపేట, గుంటూరు.